జోర్కీ కొనేముందు

పాత జోర్కీ-4 కెమెరా బేరమాడేవాళ్లు ముందు లెన్సు చూస్తారు. చూడాల్సింది షట్టర్ తెర.

రబ్బరు పూసిన గుడ్డ అది. ఏళ్లు గడిచేకొద్దీ బీటలిస్తుంది. లెన్సు విప్పి, వెనక మూత తీసి, చీకటి గదిలో టార్చి వేస్తే చిల్లులన్నీ చుక్కల్లా బయటపడతాయి. తెర మార్చడం పెద్ద పని.

ఖార్కివ్‌లో 1934లో ఫెడ్ కెమెరా, మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్‌లో 1948లో జోర్కీ మొదలయ్యాయి. రెండూ లైకా-2కి నకళ్లే. గట్టి నకళ్లు!

గోదావరి జిల్లాల్లో అసలు శత్రువు తేమ. లెన్సు లోపల బూజు అల్లుకుంటుంది. తొందరగా పట్టుకుంటే విప్పి తుడవచ్చు, గాజు మీది పూతను తినేశాక ఆ మచ్చ పోదు. కెమెరాతో వచ్చే ముచ్చటైన తోలు కేసే తేమను పట్టి ఉంచుతుంది. సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బా నయం.

షట్టర్ వేగం ఫిల్ము చుట్టాకే మార్చాలి. అమ్మేవాడు చుట్టకుండానే వేగం తిప్పి చూపిస్తుంటే ఆ బేరం వదిలేయడమే.

రేంజ్‌ఫైండర్ పరీక్షకు రాజమండ్రి గట్టు చాలు. లెన్సును అనంతం మీద పెట్టి హేవలాక్ వంతెన దూరపు స్తంభాన్ని చూస్తే, వ్యూఫైండర్‌లో కనిపించే రెండు బొమ్మలూ ఒకటవ్వాలి.

ఇంకేం చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.