మైసూరులో మా అమ్మ చిలక

మైసూరు వెళ్ళినవారు రాజభవనమూ, చాముండి కొండా చూసుకుని, చందనపు సబ్బులు కొనుక్కుని తిరిగివస్తారు. నేను మాత్రం సంచీలో ఒక పాత ఆకువక్కల పెట్టె పెట్టుకు వెళ్ళాను. పెళ్ళయిన కొత్తలో నాన్నగారు ఆ ఊళ్ళోనే కొని అమ్మకు తెచ్చిన పెట్టె అది. నల్లని ఇరుగుడు చెక్క మూత. దానిమీద పనసచెక్కతో పొదిగిన పసుపుపచ్చని చిలక. జిగురు ఎండి చిలక ఎప్పుడో ఊడిపోయింది. నాన్నగారు పోయాక ఆ చిలక గుంటను అమ్మ వేలితో తడుముకుంటూ కూర్చునేది.

1912లో పూర్తయిన రాజభవనంలో, అంబావిలాస మందిరాన, దంతం పొదిగిన ఇరుగుడు తలుపు ఉన్నది. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఈ ఊళ్ళో నా చిలకకు దిక్కు దొరక్కపోతుందా!

ఒక సందులో తండ్రీ కొడుకుల కార్ఖానా దొరికింది. నాకు కన్నడం రాదు. హైదరాబాదు ఉర్దూ ఆదుకుంది. తండ్రి చేతిలో సన్నరంపం, కొడుకు దగ్గర కంప్యూటరుతో నడిచే సీఎన్సీ రౌటరు. గుంటమీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి, కుర్రవాడు అరగంటలో చిలకను కోసి ఇచ్చాడు. అది గుంటలోకి దిగితే ఒట్టు!

"కొలత సరిగ్గా అంతే ఉంది గదా?" అన్నాను.

"అంతే ఉంటే దిగదు, మాస్టర్ సాబ్," అన్నాడు ముసలాయన. "జిగురుకు చోటు వద్దూ?"

కుర్రవాడు కోత ముల్లును కొలిచాడు. మూడు మిల్లీమీటర్లని రాసివున్నది అరిగి 2.9 అయింది. ముల్లు సన్నబడితే ముక్క చుట్టూ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు చెక్క అదనంగా మిగిలిపోతుంది. దానికి జిగురు కోసం మరో ఇరవయ్యో వంతు చేర్చి, బొమ్మను లోపలికి తగ్గించాడు. ఈసారి ముందు పనికిరాని చెక్కమీద కోసి చూసుకున్నాడు. ఆ బుద్ధి మొదటే ఉండవలసింది!

రెండో చిలక దిగింది గాని, తోక దగ్గర ఆగింది. తిరిగే ముల్లు గుండ్రన. ఈకల మధ్య సందుల్లో మూల తీయలేదు. పాత గుంట ఉలితో చెక్కింది కాబట్టి మూలలు పదునుగా ఉన్నాయి. కొత్త బొమ్మలకైతే మొనదేలిన ముల్లు వాడతాడట. మూలల్లో అది పైకి లేస్తూ పదునుగా కోస్తుంది. గుంటకూ ముక్కకూ వాలు గోడలు వచ్చి, మేకులా బిగుస్తాయి. ఇక్కడ పాత గుంటే గదా, ఆ ఉపాయం చెల్లలేదు.

రంపపు పొడిలో జిగురు కలిపి సందు కప్పెయ్యమన్నాను. ముసలాయన నాకేసి చూసిన చూపు, చూచిరాసిన విద్యార్థిని నేను చూసే చూపే! పొడి జిగురు తాగి నల్లని గీతగా తేలుతుందట. సన్న ఉలి తీసుకుని, ఈకల మధ్య ఒక్కొక్క మూలా తానే తీశాడు. వేలితో నొక్కగానే చిలక చప్పుడు లేకుండా కూర్చుంది.

ఇక కన్ను. పాతది దంతపు చుక్క. ఇప్పుడు దంతం అమ్మడమూ కొనడమూ నేరం. ఇరుగుడు చుక్క పెట్టాడు.

ఇంటికి తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాను. ముక్కునుంచి తోకదాకా వేలితో రాసి చూసింది. ఎక్కడా వేలు తగల్లేదు.

"బాగుందిరా," అంది. కాస్సేపాగి, "మన చిలకది తెల్లకన్ను," అంది.