గృహసమర్పణము

కోనసీమలోని మా మండువా లోగిలిని పరులకు అప్పగింపవలసివచ్చినపుడు, అటకమీది ఆవకాయ జాడీలును, భోషాణములోని రాగి చెంబులును, పేర్లు చెక్కించిన ఇత్తడి బిందెలును బంధువులకు పంచియిచ్చుట సులభముగనే జరిగినది. గాని, నాలుగు వసారాల నడుమ ఆకాశమునకు తెఱచియుండి, శ్రావణమాసమున చూరునీళ్లను నేరుగ ఇంటిలోనికే ఆహ్వానించు ఆ మండువాను ఎవరికి పంచగలము?

పడమటింటి టేకు ద్వారబంధముపై, బిడ్డల పొడవులు కొలిచి మా నాయనమ్మ మేకుతో గీచిన గీతలు కలవు. తక్కిన గీతలన్నియు ఏటేట మెట్లవలె పైకెక్కిపోగా, పసితనముననే కన్నుమూసిన మా చిన్న మేనత్త గీత మాత్రము నా నడుము దాటలేదు. నేను ఆమెను చూచి యెఱుగను. ఐనను చేయి దానిపై నుండి తీయబుద్ధి కాలేదు. దస్తావేజులో గదులును, బావియు, కొబ్బరిచెట్లును వ్రాయబడినవి. ఈ గీత వ్రాయబడలేదు. వ్రాయబడని దానిని నేను అమ్మినట్లా, అమ్మనట్లా?

ఇల్లు కొన్న పుణ్యాత్ములారా! గోడలు మీ యిష్టము. ఆ ద్వారబంధమును మాత్రము పెఱికి పాత కలప వర్తకులకు అమ్మకుడు.