సొన మచ్చ, పచ్చబొట్టు

మామిడికాయలు కోసేవాళ్ల చేతులు ఎప్పుడైనా చూశారా? ఎండాకాలం మా ముసునూరు వైపు రండి, ముంజేతుల నిండా సొన కాలిన మచ్చలే. 2022లో మమ్మల్ని కృష్ణా జిల్లాలోంచి తీసి ఏలూరులో కలిపారు గానీ, ఆ మచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ మొహం చిట్లించరు. అదే చోట సూదితో పొడిపించుకుంటే మాత్రం ఇంట్లో పంచాయితీ!

మొన్న మా ఇంట్లో జరిగింది అదే. అన్నయ్య కూతురు విజయవాడ వెళ్లి మణికట్టు మీద మామిడాకు వేయించుకొచ్చింది. "రేపు పెళ్లివాళ్లు చూస్తే?" అని వదిన రెండు రోజులు మాటలు మానేసింది. పక్కనే నులకమంచం మీద నాయనమ్మ. ఆవిడ చేతి మీద తులసికోట, దాని కింద తేలు, గడ్డం మీద చుక్క. అవేవీ వదిన లెక్కలోకి రాలేదు.

ముంజేతి లోపలి వైపు తాతయ్య పేరు కూడా ఉందండోయ్. మొగుడి పేరు పలకకూడదు కదా, జనాభా లెక్కలవాళ్లు అడిగితే చెయ్యి చాపేది! ఆవిడకి చదువు రాదు. పచ్చబొట్లు పొడిచే ఎరుకలామెకీ రాదు. ఎవరో బొగ్గుతో రాసిపెడితే దాని మీదే పొడిచేసింది. రాసినాయన యవత్తు మరిచిపోయాడు, అది ఈనాటికీ లేదు.

దీపం మసి, ఆకుపసరు, నాలుగు సూదుల కట్ట, అంతే సరంజామా. మసి నల్లనిదే, చర్మం కిందకి దిగాక పచ్చగా కనిపిస్తుంది. చర్మంలోని కణాలు ఆ రంగును మింగి దాచుకుంటాయట. అవి చచ్చిపోతే కొత్తవి వచ్చి అదే రంగును అందుకుంటాయని 2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చూశారు. వీధంతటికీ అదే సూదుల కట్ట అని తలుచుకుంటే నాకు ఇప్పుడు వణుకు. మా పిల్ల కొత్త సూది కళ్లముందే విప్పించిందట. అయినా ఏడాదిపాటు రక్తదానానికి వెళ్లకూడదు.

మధ్యలో మా అమ్మావాళ్లున్నారే, వాళ్లకే నామోషీ. పట్నం సంబంధాలు మొదలయ్యేసరికి పచ్చబొట్టు ఉన్నవాళ్లు మోచేతుల దాకా జాకెట్లు కుట్టించుకున్నారు, లేనివాళ్లు హమ్మయ్య అనుకున్నారు. తొమ్మిదేళ్లప్పుడు నలుగురు గట్టిగా పట్టుకుంటే పొడిపించుకున్న నాయనమ్మని మాత్రం, కావాలా వద్దా అని ఎవరూ అడగలేదు.

మూడో రోజు ఆవిడే పిల్లని పిలిచి చెయ్యి తిప్పి చూసింది.

"నాకు చాటెడు బియ్యంతో అయిపోయింది. నువ్వెంతిచ్చావే?"

పిల్ల చెవిలో చెప్పింది.

"ఆకుకే అంతా! అదేదో కాయ వేయించుకోకపోయావా?"