హంతకుడు ఎవరు? (నేను చదివిన డిటెక్టివ్ పుస్తకాలు)



మీరు చదివిన పుస్తకాల గురించి రాయండి అని మన తెలుగు సారు పోయిన నెల అడిగారు. మీలో చాలామంది మహనీయుల జీవిత చరిత్రల గురించి రాస్తారని నాకు తెలుసు. నేను మాత్రం డిటెక్టివ్ నవలల గురించి రాస్తున్నాను. ఈ ఏడాది నేను ఎక్కువగా చదివినవి అవే. ఎండాకాలం సెలవుల నుంచి ఇప్పటిదాకా పదకొండు చదివాను. అవి చదివితే పిల్లలు చెడిపోతారని కొందరు పెద్దలు అంటారు. నేను చెడిపోయానో బాగుపడ్డానో ఇది చదివి మీరే చెప్పండి.

ముందుగా ఆ పుస్తకాలు నాకు ఎక్కడివో చెప్పాలి. మాది చేవెళ్ళ దగ్గర ఒక ఊరు. మేము ఎరుకలోళ్ళం. మా అమ్మ, నాయన గంపలు, తట్టలు అల్లేవాళ్ళు. మా దిక్కు రైతులు టమాట, క్యారెట్, చామంతి, గులాబి పండిస్తారు. అవి పట్నం పోవాలంటే ఒకప్పుడు గంపలు కావాలి. ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. గంపలు అడిగేవాళ్ళు లేరు. అందుకని నాయన ఊళ్ళు తిరిగి పాత పేపర్లు, పాత ఇనుము కొంటున్నాడు. ఆ పేపర్లలో అప్పుడప్పుడు నవలలు వస్తాయి. "సదివే బిడ్డ ఉన్నదని తూకంల పెట్టలే" అని నాయన వాటిని నాకోసం పక్కకు పెడతాడు. కొన్నింటికి అట్టలు ఉండవు, కొన్నింటికి మొదటి పేజీలు ఉండవు. సెలవులు అయిపోయి బస్సులో మర్రిచెట్ల కింద నుంచి మొయినాబాద్ వైపు వస్తుంటే నా సంచిలో బట్టల కంటే పుస్తకాలే బరువు.

ఇక నా అభిప్రాయాలు. ఇవి నా సొంత అభిప్రాయాలు మాత్రమే. నచ్చకపోతే కోప్పడకండి.

మధుబాబు గారి షాడో పుస్తకాలు మూడు చదివాను. షాడో గూఢచారి. ఎంత వేగంగా పోతాయంటే, అన్నం గంట కొట్టినా వినపడదు. మనం పేజీ తిప్పేలోపల పదిమంది శత్రువులు పడిపోతారు. చదువుతున్నంతసేపు బాగుంటుంది. కానీ మూసిన తర్వాత ఆలోచించడానికి ఏమీ మిగలదు. శత్రువు ఎవరో మొదటే తెలిసిపోతుంది, ఎట్లా కొడతాడు అన్నదే సస్పెన్స్. నాకు ఎవరు చేశారు అనేదే కావాలి.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ పుస్తకాలు రెండు దొరికాయి. ఇవి మన అమ్మమ్మల కాలం నాటివి. యుగంధర్ మద్రాసులో ఉంటాడు, అసిస్టెంటు పేరు రాజు. నాకు యుగంధర్ నచ్చాడు. ముందు అడుగుతాడు, వింటాడు, తర్వాత ఆలోచిస్తాడు. పెద్ద బంగళాలు, కార్లు, టెలిఫోన్లు ఉన్నవాళ్ళ కథలు కాబట్టి మనలాంటి వాళ్ళు అందులో పెద్దగా ఉండరు. ఉంటే గేటు దగ్గర ఉంటారు.

యండమూరి వీరేంద్రనాథ్ గారి "అభిలాష" నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఉరిశిక్ష తప్పు అని నిరూపించడానికి ఒక లాయరు చెయ్యని హత్యకు తానే సాక్ష్యాలు తయారు చేసుకుంటాడు. శిక్ష పడిన తర్వాత అసలు విషయం చెప్పి బయటపడాలని అతని ప్లాను. అనుకున్నది ఒకటి, అయ్యింది ఒకటి. ఇది 1983లో సినిమాగా కూడా వచ్చింది. ఈ పుస్తకం చదివాక నాకు ఒక భయం పట్టుకుంది. సాక్ష్యాలు తయారు చెయ్యడం ఇంత సులువా? అంత చదువుకున్న లాయరుకే అట్లయితే, చదువు రానివాళ్ళ సంగతి ఏమిటి?

అగాథా క్రిస్టీ 1934లో రాసిన "మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" మన ఇంగ్లీషు మేడం ఇచ్చారు. మంచులో రైలు ఆగిపోతుంది. ఒక పెట్టెలో శవం ఉంటుంది. రైలు కంపెనీ పెద్దాయన ఒకరు పదే పదే "ఆ ఇటలీ మనిషే చేసి ఉంటాడు, కత్తి వాడేది వాళ్ళే" అంటుంటాడు. డిటెక్టివ్ పొయిరో ఆ మాట పట్టించుకోడు. ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్నలు అడుగుతాడు. రాజకుమారి అయినా, పనిమనిషి అయినా సరే. చివర ఏమవుతుందో చెప్పను, మేడం దగ్గర తీసుకుని చదవండి.

ఇప్పుడు ఒక పేరులేని పుస్తకం గురించి చెప్పాలి. దీనికి అట్ట లేదు, రచయిత ఎవరో తెలియదు. ఒక ధనవంతుడు తన ఇంట్లో హత్యకు గురవుతాడు. అనుమానితులు ముగ్గురు: మేనల్లుడు, డాక్టరు, డ్రైవరు. డ్రైవరు ఒకప్పుడు దొంగతనం కేసులో జైలుకు పోయి వచ్చినవాడు. చదువుకుంటూ పోయి తీరా చూస్తే ఆఖరి పేజీలు లేవు! ఎవరు హంతకుడో తెలియక నాకు పిచ్చిలేచింది. మీకు గుర్తుందా, ఆగస్టులో వాన పడ్డ ఆదివారం నాడు మన డార్మిటరీలో ఆ కథ అంతా చెప్పి ఓటింగు పెట్టాను. మొత్తం పంతొమ్మిది ఓట్లు. మేనల్లుడికి రెండు, డాక్టరుకు మూడు, డ్రైవరుకు పద్నాలుగు. నేను కూడా డ్రైవరుకే వేశాను.

ఆ తర్వాత దసరా సెలవులు అయిపోయి అందరం వచ్చాం. వచ్చిన మూడో రోజు ఒక అక్క పెట్టెలో 300 రూపాయలు పోయాయి. ఈ సంగతి మీలో చాలామందికి తెలుసు. రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. ఎవరి పేరూ రాయను.

ఆ సాయంత్రం ఎవ్వరూ నా పేరు అనలేదు. అందరూ నా పెట్టె వైపు నడిచారు, అంతే. మొదట తెరిచింది నా పెట్టెనే. రెండు జతల బట్టలు, సబ్బు, నూనె సీసా, నాలుగు డిటెక్టివ్ నవలలు బయట పడ్డాయి. "అవే పుస్తకాలు సదువుతది గదా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇంకెవరో మెల్లగా మా కులం పేరు అన్నారు. అది కూడా విన్నాను. నేను ఏమీ మాట్లాడలేదు. డబ్బులు దొరకలేదు. ఇంకో రెండు పెట్టెలు చూసి వదిలేశారు.

నాలుగు రోజుల తర్వాత ఆ అక్క సోషల్ పుస్తకం అట్ట చిరిగితే కొత్త అట్ట వేద్దామని విప్పింది. ఆ లోపల మూడు వంద నోట్లు ఉన్నాయి. ఇంటి నుంచి వచ్చేటప్పుడు బస్సులో పోతాయని తనే అందులో పెట్టుకుంది, మర్చిపోయింది. అక్క నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. వాళ్ళమ్మ పంపిన సకినాలు పెట్టింది, తిన్నాను. ఆమె మీద నాకు ఇప్పుడు కోపం లేదు.

కానీ ఆ రాత్రి నాకు నా ఓటు గుర్తొచ్చింది. లేచి ఆ పేరులేని పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదివాను. నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయాను. హత్య జరిగిన సమయానికి డ్రైవరు రైల్వే స్టేషనుకు పోయి ఉన్నాడు, ఆ ఇంటి కూతురిని తీసుకురావడానికి. ఆమె కూడా ఆ మాట చెప్పింది. రచయిత స్పష్టంగానే రాశాడు. నేను చదివాను, మీకు చదివి వినిపించాను కూడా. అయినా పద్నాలుగు మందిమి డ్రైవరుకే ఓటేశాం. అతను జైలుకు పోయి వచ్చినవాడు అన్న ఒక్క మాట మన మనసులో పడింది, మిగతాదేదీ మన చెవికి ఎక్కలేదు.

సెలవుల్లో మా తాతకు ఈ సంగతి చెప్పాను. తాత నవ్వి, "మా నాయన కాలంల ఏ ఊళ్ళె దొంగతనం అయినా ముందుగాల మమ్ములనే పిలుస్తుండె బిడ్డా" అన్నాడు. ఎందుకు అట్లా అని మన సోషల్ సారును అడిగితే చట్టం గురించి చెప్పారు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేసింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. అందులో ఎరుకల వాళ్ళను రాశారు. మన దోస్తుల్లో ఎక్కువమంది లంబాడీలు కదా, సుగాలీలు, లంబాడీలను కూడా కొన్ని చోట్ల రాశారు. జాబితాలో ఉన్నవాళ్ళు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. 1913లో గుంటూరు జిల్లాలో స్టువర్టుపురం అనే ఊరు పెట్టి ఎరుకల వాళ్ళను అక్కడ ఉంచారు. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. మా తాతలు స్టువర్టుపురం చూడనే లేదు. అయినా ఆ పేరు వాళ్ళకు కూడా అంటింది. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. 1991లో, 2023లో స్టువర్టుపురం మీద సినిమాలు వచ్చాయి. అవి దొంగలు, పోలీసుల కథలే.

సారు చెప్పిన ఇంకో సంగతి విని నాకు ఒళ్ళు జలదరించింది. డిటెక్టివ్ నవలల్లో వేలిముద్రలు అంటే నాకు చాలా ఇష్టం. హత్య జరిగిన తర్వాత గ్లాసు మీద పొడి చల్లి ముద్రలు తీస్తారు కదా. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో మన దేశంలోనే, కలకత్తాలో పెట్టారట. 1911 చట్టం ప్రకారం జాబితాలో ఉన్న జాతుల వాళ్ళ వేలిముద్రలు కూడా తీసుకోవచ్చు. అంటే నేరం జరగకముందే! ఏ డిటెక్టివ్ కూడా అట్లా చెయ్యడు.

చివరగా షెర్లాక్ హోమ్స్ గురించి. రాసింది ఆర్థర్ కానన్ డాయిల్ అని మీకు తెలుసు. హోమ్స్ నాకు అందరికంటే ఇష్టం, కాబట్టి అతని తప్పు కూడా చెప్తాను. 1890లో వచ్చిన "ది సైన్ ఆఫ్ ఫోర్" లో టోంగా అనే అండమాన్ ఆదివాసి ఉంటాడు. విషపు ముల్లు ఊది మనిషిని చంపుతాడు. అతన్ని చూస్తేనే భయం వేసేటట్టు రాశారు. అతని చేత ఒక్క మాట కూడా మంచిగా మాట్లాడించలేదు. ఒక మనిషి టోపీ చూసి అతని సంసారం సంగతి చెప్పగలిగే హోమ్స్, ఆ ఆదివాసుల గురించి మాత్రం ఒక పెద్ద పుస్తకం తీసి అందులో ఉన్నది చదివి నమ్మేస్తాడు. వాళ్ళు చాలా క్రూరులు అని అందులో ఉంటుంది. 1858లో బ్రిటిష్ వాళ్ళు అండమాన్‌లో ఖైదీలను ఉంచడం మొదలుపెట్టాక బయటి రోగాలు వచ్చి అక్కడి జనం ఎంతోమంది చచ్చిపోయారు. ఆ సంగతి కథలో లేదు. ఈ పుస్తకానికి నేను పాస్ మార్కులు మాత్రమే వేస్తాను.

అదే హోమ్స్ ఇంకో కథ "ది బ్లూ కార్బంకల్", 1892లో వచ్చింది. ఒక హోటల్లో దొరసాని వజ్రంలాంటి నీలి రాయి పోతుంది. గదిలో రిపేరు పనికి వచ్చిన హార్నర్ అనే కూలీని పోలీసులు పట్టుకుపోతారు. అతను ఒకసారి దొంగతనం కేసులో శిక్ష పడ్డవాడు. అసలు తీసింది హోటల్లో పనిచేసే పెద్ద ఉద్యోగి రైడర్. ఎవరి మీద అందరికీ అనుమానం వస్తుందో తెలిసే అతను హార్నర్‌ను ఆ గదిలోకి పిలిపించాడు. హోమ్స్ దాన్ని కనిపెడతాడు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన కథ. అయితే ఆఖరున హోమ్స్ జాలిపడి రైడర్‌ను వదిలేస్తాడు. అది నాకు నచ్చలేదు. హార్నర్ మీద కేసు నిలవదు, బయటికి వస్తాడు అంటారు, సరే. అన్ని రోజులు లోపల ఉన్నందుకు హార్నర్‌కు ఎవరు ఏం చెప్పారు? అతనికి ఇల్లు ఉంటుంది కదా, ఆ ఇంటికి పోయి ఎవరైనా మాట్లాడారా? ఆ పేజీ డాయిల్ గారు రాయలేదు.

ఇప్పుడు నేను ఏ డిటెక్టివ్ పుస్తకం చదివినా ఒకటే చూస్తున్నాను. రచయిత మనిషి పుట్టుక చూపించి అనుమానం పుట్టిస్తున్నాడా, అతను చేసిన పని చూపించి పుట్టిస్తున్నాడా? పని చూపిస్తే ఎక్కువ మార్కులు, పుట్టుక చూపిస్తే తక్కువ.

మిత్రులారా, మన డార్మిటరీలో రేపు ఇంకేదైనా పోవచ్చు. పెన్ను కావచ్చు, పట్టీలు కావచ్చు. అప్పుడు ఎవరి పెట్టె తెరిచే ముందయినా పోగొట్టుకున్న వాళ్ళను ఒక ప్రశ్న అడుగుదాం: "ఆఖరుసారి ఎక్కడ పెట్టినవ్?" దసరా తర్వాత ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే సోషల్ పుస్తకం అదే రోజు గుర్తొచ్చేదేమో. పెట్టెలు వెతకక తప్పదంటే వరుసగా ఒకటో నంబరు నుంచి వెతుకుదాం. నాది పదిహేడు.

డ్రైవరు ఓటు నేను వాపసు తీసుకున్నాను. ఇప్పుడు నా అనుమానం డాక్టరు మీద ఉంది, దానికి కారణాలు నా నోటుబుక్కులో రాసుకున్నాను. మీరు కూడా ఆ పుస్తకం మళ్ళీ చదివి చెప్పండి, వచ్చే ఆదివారం మళ్ళీ ఓటింగు పెడదాం. మీ ఇళ్ళలో డిటెక్టివ్ నవలలు ఉంటే సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేటప్పుడు తెండి. దయచేసి ఆఖరి పేజీలు చింపకండి.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
పదో తరగతి