బస్ టికెట్ మందం

ఖమ్మం బస్టాండులో ఇల్లందు బస్సు కోసం నిలబడితే ఒకాయన "బొగ్గుట్టకేనా? ఎక్కండి" అన్నాడు. నేను ఎక్కలేదు. నేను పోవాల్సింది ఇల్లందుకు కదా. ఆ బస్సు నా ముందే పది నిమిషాలు ఆగి, కదిలి వెళ్ళిపోయాక టీకొట్టావిడ చెప్పింది, రెండూ ఒకే ఊరని. మీరు ఎప్పుడైనా వెళితే ముందే తెలుసుకుని ఉండండి.

తర్వాతి బస్సులో ఒడిలో థర్మోకోల్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దమ్మ దాని వంక చాలాసేపు చూసి "కోడిపిల్లలా అయ్యా?" అనడిగింది. హెలికాప్టర్ అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. నేను వేళాకోళం ఆడాననుకుందేమో.

నిజంగా హెలికాప్టరే. కరెంటు మోటారుతో, రిమోటుతో ఎగిరేది. హాబీ మనుషులు 450 సైజు అంటారు. రెక్క ఒక్కోటి మూర కన్నా చిన్నది, మొత్తం బరువు 800 గ్రాముల దగ్గర. విజయవాడలో మా అపార్టుమెంటు డాబా మీద మూడు నెలలు దానితో కుస్తీ పట్టాను. లేవగానే వణికేది, తోక ఊపేది, నీళ్ళ ట్యాంకు వైపు పోయేది. వీడియోలు చూసి విడిభాగాలు మార్చాను, వణుకు తగ్గలేదు. చివరికి ఆఫీసులో ఒక కుర్రాడు "ఇల్లందులో మా నాన్న దగ్గరికి వెళ్ళండి సార్, సింగరేణి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు, ఇప్పుడు ఇవే పిచ్చి" అన్నాడు.

ఇల్లందులో దిగి ఆటో అతనికి ధీమాగా "సింగరేణి" అని చెప్పాను. "ఊరికా, కంపెనీకా?" అన్నాడు. అసలు సింగరేణి అనే ఊరు కారేపల్లి వైపు ఉందట, కంపెనీకి పేరిచ్చింది అదే. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ఇల్లందు దగ్గరే బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. ఇప్పుడు ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో. అంటే పేరు ఒక ఊరిది, బొగ్గు ఒక ఊరిది, పెత్తనం ఇంకో ఊరిది. ఇంత చరిత్ర ఆటోలో కూర్చుని తేల్చుకునేసరికి అతను మీటరు లేని ఆటోకి ఉండే ఓపికంతా చూపించి "ఏరియా చెప్పండి సార్" అన్నాడు. అడ్రసు కాయితం తీసి "24" అన్నాను. నేను అది ఇంటి నంబరనుకున్నాను. పేటకే ఆ పేరు, 24 ఏరియా.

పెద్దాయన గేటు దగ్గరే ఉన్నాడు. డబ్బా చూశాడు గానీ ముట్టుకోలేదు. "ముందు తిను తమ్ముడూ. ఆకలి మీద స్క్రూ తిప్పితే మర అరిగిపోద్ది" అన్నాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పండక్కి చేసిన సకినాలు మిగిలినవి. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి చింతపండు రసం అలాగే పోసేశారు. రెండోసారి అడిగి పోయించుకున్నాను. సకినాన్ని జంతిక అని పిలిచినందుకు ఆ ఇంటావిడ మాత్రం కాస్త చిన్నబుచ్చుకుంది.

అప్పుడు డబ్బా తెరిచాడు. బ్యాటరీ జోలికి పోలేదు. మోటారుకొచ్చే మూడు వైర్లలో రెండు ఊడదీసి పక్కన పెట్టాడు. "సర్దేటప్పుడు అది తిరగడానికి వీల్లేదు. వేళ్ళు పది తెచ్చుకున్నవు, పదీ తీసుకుపో" అన్నాడు. నేను డాబా మీద ఇన్నాళ్ళూ వైర్లు తగిలించే సర్దాను. ఆ మాట అక్కడ చెప్పలేదు.

తర్వాత గంటసేపు ఆయన సర్దింది ఏమీ లేదు. పట్టుకుని కదిపాడంతే. రెక్కల మొదలు, లింకులు, తోక, అన్నీ వేలితో అటూ ఇటూ ఆడించి చూస్తూ "ప్లే" అనేవాడు, ఇంకోటి కదిపి మళ్ళీ "ప్లే". అంటే అనవసరపు వదులు. సింగరేణి యంత్రమైనా ఈ బొమ్మైనా వణుకు పుట్టేది అక్కడేనని ఆయన లెక్క. మోటారు చిన్న పళ్ళచక్రం పెద్దదాన్ని మరీ ఒత్తుకుని ఉంది. రెంటి మధ్యా సన్న కాయితం పెట్టి బిగించి, కాయితం లాగేస్తే సరైన ఖాళీ మిగులుతుంది. కాయితం కోసం చుట్టూ చూసి నా చొక్కా జేబులోంచి బస్ టికెట్ లాగాడు. ఖమ్మం నుంచి ఇల్లందు దాకా నేను కొన్నది ఆ మందమే అన్నమాట.

తోక మీద జారే గొట్టానికి నేను నూనె దట్టంగా పోసి తెచ్చాను. అరుగు మీద ఆ కాసేపట్లోనే దానికి నల్లటి జిడ్డు పట్టింది. మా దగ్గర కృష్ణ ఒడ్డు తేమకి తుప్పు భయం, అందుకని నూనె. ఇక్కడ గాలిలోనే బొగ్గు పొడి, నూనె కనిపిస్తే అతుక్కుంటుంది. శుభ్రంగా తుడిచి పొడిగా వదిలేశాడు.

ఇక అసలు సర్దుబాటు. రిమోటు కర్ర సరిగ్గా మధ్యలో ఉంటే రెక్కల వాలు మార్చే చిన్న మోటార్లు, అంటే మూడు సర్వోల చేతులూ లంబంగా నిలవాలి, రెక్కల కింది పళ్ళెం సమంగా ఉండాలి, రెక్కల వాలు సున్నా చూపాలి. నాది రెండు డిగ్రీలు తప్పింది, అదీ ఒక రెక్కకే. గాలిలో నిలబడడానికి ఐదారు డిగ్రీలు చాలు, అందులో రెండు దొంగ డిగ్రీలుంటే వణక్క ఏం చేస్తుంది?

మర్నాడు పొద్దున్నే, గాలి లేవకముందు, మంచు ఇంకా నేల మీదే ఉండగా ఇళ్ళ వెనక ఖాళీ మైదానానికి వెళ్ళాం. చలికి నా వేళ్ళు కొంకర్లు. ఒక రెక్క చివర ఎర్ర టేపు, రెండోదానికి నల్లది. దూరంగా నిలబడి, తిరుగుతున్న రెక్కలని కళ్ళ ఎత్తులో పక్కనుంచి చూస్తే రెండూ ఒకే గీతలా కనిపించాలి. ఎరుపు పైన కనిపించింది. దింపి, బ్యాటరీ తీసి, ఆ రెక్క లింకు ఒక్క చుట్టు తిప్పాడు. మళ్ళీ లేపితే ఒకటే గీత! తోక ఇంకా కుక్కతోకలా ఊగింది. తోకని నిలబెట్టే జైరో గెయిన్ కొంచెం తగ్గించగానే ఆగింది.

అప్పుడు రిమోటు నా చేతికిచ్చాడు. కింద అడ్డంగా కట్టిన పుల్లలకి పింగ్‌పాంగ్ బంతులు గుచ్చి ఉన్నాయి, ఒరిగినా బోర్లా పడకుండా. హెలికాప్టర్ మోకాలెత్తుకి లేచి నిలబడింది. వణుకు లేదు. నాకే ఉంది. ఒక్కటే అనుమానం, కొద్దిగా కుడికి వాలి ఉంది. సరిచెయ్యబోతుంటే "ఉండనీ. తోక రెక్క ఎడమకి నెడుతది, అందుకని అది కుడికి వాలి నిలబడతది. నిటారుగా నిలిపితే పక్కకి పోద్ది" అన్నాడు. మూడు నెలలు నేను నిటారుగా నిలపాలనే చూశాను. నీళ్ళ ట్యాంకు వైపు ఎందుకు పోయేదో అప్పుడు తెలిసింది.

మీరు వెళితే చలికాలం పొద్దున పూట పెట్టుకోండి. ఎగరేసే చోటు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో పచ్చరంగులో ఉందో లేదో చూసుకోండి; 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటి రెండు కిలోల దాకా ఉన్నవి మైక్రో తరగతి. గనుల దరిదాపులకి అసలు పోవద్దు. హెక్స్ డ్రైవర్లు మంచివి పట్టుకెళ్ళండి. నా ఒకటిన్నర మిల్లీమీటర్లది ఆయన జేబులోనే ఉండిపోయింది. తిరుగు బస్సులో కండక్టరు "ఎక్కడెక్కారు?" అంటే "బొగ్గుట్ట" అన్నాను. టికెట్ మాత్రం పారెయ్యలేదు.