చిన్న కొమ్ము ఎవరిది?

దానియేలు గ్రంథంలో నాలుగు మృగాలొస్తాయి. నాలుగోదానికి పది కొమ్ములు. వాటి మధ్యలోంచి ఒక చిన్న కొమ్ము మొలుస్తుంది. దానికి కళ్ళుంటాయి, గొప్పలు పలికే నోరుంటుంది. మన గోదావరి జిల్లాల్లో కన్వెన్షన్లు చూసినవాళ్ళకి ఈ బొమ్మలు కొత్త కాదు. స్టేజీ మీద గుడ్డ పటం వేలాడదీసి, కర్రతో చూపిస్తూ చెబుతారు. ఈ గ్రంథం మీద ఇక్కడ మోజు పాతదే. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి, నర్సాపురంలో పాతుకుపోయిన బౌడెన్, బీర్ దంపతులు బ్రదరన్ వాళ్ళు. ప్రవచనాల లెక్కలంటే ఆ జమాత్‌కి ప్రాణం.

ఓసారి ఒక మీటింగు కవరేజీకి వెళ్ళాను. ఊరూ సంఘమూ చెప్పను. ప్రసంగీకుడు కర్ర తెచ్చి ఆ చిన్న కొమ్ము మీద ఆనించి "ఇది తురకల మతం" అన్నాడు. పక్కన కూర్చున్న నా డిగ్రీ దోస్త్, ఆ సంఘం మనిషే, తల దించుకున్నాడు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. నా పని అదే కదా.

ఆ తాబీర్ ఆయన సొంతం కాదు లెండి. 1529లో ఉస్మానీ ఫౌజు వియన్నా గోడల దాకా వచ్చిన ఏడు మార్టిన్ లూథర్ కూడా అదే అన్నాడు. ఖౌఫ్‌లో పుట్టిన తఫ్సీర్.

మరి కొమ్ము ఎవరిది? మూడో శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే ఫల్సఫీ జవాబిచ్చాడు: అంతియొకస్ ఎపిఫనేస్, సిరియా నుంచి యూదుల్ని ఏలిన గ్రీకు బాద్షా. పదకొండో అధ్యాయం ఉత్తర, దక్షిణ దేశాల రాజుల జంగుల్ని, వాళ్ళ నికాహ్‌లతో సహా, అతని కాలం దాకా పూసగుచ్చినట్టు చెబుతుంది. అతని చావు దగ్గరికొచ్చేసరికి తప్పుతుంది. సముద్రానికీ పరిశుద్ధ పర్వతానికీ మధ్య పోతాడంటుంది. క్రీ.పూ. 164లో అతను పోయింది ఈరాన్ వైపు. అంటే రాసినవాడు ఆ మౌత్‌కి కాస్త ముందు, జుల్మ్ నడుస్తుండగానే రాశాడన్నమాట. పోర్ఫిరీ కితాబుని తర్వాత కాల్చేశారు. అతన్ని ఖండించడానికి జెరోమ్ రాసిన వ్యాఖ్యానంలోనే అతని దలీల్ మనకి మిగిలింది. ఇవాళ్టి పండితుల్లో ఎక్కువమంది అదే మాట మీదున్నారు.

ఆ జుల్మ్ మామూలుది కాదు. క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయంలో గ్రీకు దేవుడికి బలిపీఠం లేపారు. ఇంట్లో తౌరాత్ దొరికితే మరణదండన. ఖత్నా చేయించిన తల్లుల్ని చంపి, పసివాళ్ళని వాళ్ళ మెడలకే వేలాడదీశారని మక్కబీయుల గ్రంథం చెబుతుంది. హరామ్ తిండి ముట్టమని చచ్చినవాళ్ళున్నారు. ఇది చదివాక ఆ గుడ్డ పటం తలచుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఖత్నా చేయించుకునేవాళ్ళని నలిపిన కొమ్ముని తెచ్చి మా నెత్తిన పెట్టారు!

దోస్త్‌కి ఇదంతా చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "అయితే దానియేలు రాయలేదంటావా? అబద్ధమంటావా?" అన్నాడు చివరికి. అబద్ధం అననురా అన్నాను. బిడ్డల్ని పోగొట్టుకున్న జనానికి, బాబిలోను దర్బారులో నిలబడ్డ పాతకాలపు బుజుర్గ్ పేరు మీద, ఈ బాద్షాకీ ఒక మియాద్ ఉందని ఎవరో ధైర్యం చెప్పారు. చచ్చేవాడికి చెప్పే మాటలో అబద్ధం వెతుకుతామా? "మా పాస్టరుగారి దగ్గర మాత్రం అనకు" అన్నాడు.

మావాళ్ళు తక్కువా? దజ్జాల్ ఎవరో, యాజూజ్ మాజూజ్ ఏ దేశమో వాట్సాప్‌లో రోజుకొకరు తేల్చేస్తుంటారు. ఖురాన్‌లో హజ్రత్ దానియాల్ పేరే లేదు. తుస్తర్‌లో ఆయనదని చెప్పే దేహం దొరికితే, కబ్ర్ ఎక్కడో ఎవరికీ తెలియకుండా దాచేయమని హజ్రత్ ఉమర్ హుకుం ఇచ్చారని రివాయత్. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది.

నాకు ఈ గ్రంథంలో దొరికిన ఖుషీ వేరే. రెండో అధ్యాయం నుంచి ఏడో అధ్యాయం దాకా చాలావరకు హీబ్రూ కాదు, ఆరామిక్. అందులో రహస్యానికి వాడిన లఫ్జ్ "రాజ్". ఫార్సీ నుంచి వెళ్ళింది. ఉర్దూ మీడియం బళ్ళో మా ఉస్తాద్ బోర్డు మీద రాసిన రాజ్ అదే. గోడ మీద చెయ్యి రాసిన "టెకేల్" తూకం మాట, మన మిస్కాల్‌కి చుట్టం. ఇరవై మిస్కాల్‌ల బంగారం ఉంటే జకాత్ తీయాలని అమ్మీ వేళ్ళ మీద లెక్క చెప్పేది.

ఇదీ దోస్త్‌కి చెప్పాను. ఈసారి నవ్వాడు. "ఇది మాత్రం పాస్టరుగారికి చెప్పొచ్చు" అన్నాడు.