మదనపల్లె నుండి కుప్పము వరకు: గుర్తుల బేరము

ఊరికి పోయి వచ్చినవారిని మన యిండ్లలో మొదట నడుగు ప్రశ్న "ఏమి తెచ్చితిరి?" అనియే కదా. మాఘమాసమున కుప్పములో బంధువుల వివాహమునకు బయలుదేరునప్పుడే ఆ ప్రశ్న నా వెంట బడినది. చిన్ననాట పోగొట్టుకొనిన "మాయాబజారు" పాటల పుస్తకము నెక్కడనైన వెదకి తెమ్మని అత్తగారు కోరిరి. పుంగనూరు దూడ నొకదానిని బేరమాడుమని మరిది పట్టుపట్టెను. నా చేతిలోనిదో, రెండేండ్లు కట్టిన చీటిసొమ్ము; ఆడుబిడ్డ కాన్పునకై దాచినది.

మొదట మదనపల్లెలో దిగితిమి. ఇచ్చటి దివ్యజ్ఞాన కళాశాలను 1915లో అనిబిసెంటమ్మగారు స్థాపించిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు విడిది చేసి "జనగణమన" గీతమును ఆంగ్లమున తర్జుమా చేసినది ఇచ్చటనే. అప్పటి కళాశాలాధ్యక్షులు జేమ్సు కజిన్సుగారి భార్య మార్గరెట్టమ్మగారు ఆ పాటకు స్వరములు వ్రాసిరి. 1927లో అఖిల భారత మహిళా సభకు పునాది వేసినది ఈ తల్లియే. ఆ సంగతి మన పాఠ్యపుస్తకములు మరచుచుండును.

ఆ తర్జుమా క్రింద కవిగారి చేవ్రాలును, 1919 ఫిబ్రవరి 28 అను తేదీయు గలవు. దాని ప్రతిబింబము నొక దుకాణమున పటము గట్టి యుంచిరి. "నాటి కాగితమే" యని వర్తకుడు రహస్యము చెప్పినట్లు చెప్పెను. నా సంచిలో అత్తగారి భూతద్దము ఉండెను. దానితో చూడగా అక్షరములు సన్నని చుక్కల కూర్పుగా కనబడెను. కలముతో వ్రాసిన సిరా ఒకచోట చిక్కగను, ఒకచోట పలుచగను పారునే గాని చుక్కలుగా విడదు. అచ్చుపటమునకు అచ్చుపటము వెల యిచ్చి తీసికొంటిని. వర్తకుడు నొచ్చుకొనలేదు. నకలు కొనుట తప్పు గాదు. అసలు వెలకు కొనుట తప్పు.

నీరుగట్టువారిపల్లె పట్టుచీరల సంగతి వేరొకమారు వ్రాసెదను. టమోటాల సంత మిక్కిలి పెద్దది గాని, గుర్తుగా దాచుకొన దగిన సరకు గాదు.

పుంగనూరులో నా మనస్సు నిజముగా ఊగులాడెను. 2024 సంక్రాంతినాడు ఢిల్లీలో ప్రధానమంత్రి తన నివాసమున ఈ పొట్టియావులకు మేత తినిపించిన చిత్రములు దేశమంతట ప్రాకినవి. అది మొదలు వీనిపై మోజు మరింత పెరిగినది. సుమారు మూడడుగుల యెత్తు, నేలను తాకునంత తోక, వెడల్పైన నుదురు, మిక్కిలి వెన్నగల పాలు. ముద్దు రాని వారెవరు? పరజాతులతో సంకరమగుటచే ఒకప్పుడీ జాతి అంతరించు స్థితికి వచ్చినది. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రమున దీనిని కాపాడుచున్నారు.

ఒక యింటి ముంగిట తెల్లని దూడ నా చీరచెరగు నమలెను. వెల యడిగితిని. యజమానురాలు చెప్పక, "మీ ఇంట్లో నేల ఎంతుందమ్మా?" అని నన్నే యడిగినది. మూడవ అంతస్తు అంటిని. ఆమె నవ్వి, "బొమ్మ కాదుమ్మా ఇది. పేడ ఎవరెత్తుతారు, తోడెవరుంటారు?" అనెను. తరువాత మఱియొక మాట చెప్పినది: ఏ జాతి దూడయైనను చిన్ననాడు పొట్టిగనే యుండును, తల్లిని చూడక కొన్నవారు ఏడాదికి నిలువెత్తు సంకరపు టావును కట్టుకొని బాధపడుదురు. కొననియ్యని ఆమెకు నేను ఋణపడితిని. బస్సెక్కునంత వరకు ఆ దూడ నా వెనుకనే చూచుచున్నట్లుండెను.

పలమనేరు మీదుగా కుప్పము చేరితిమి. ఈ యూర తెలుగు, తమిళము, కన్నడము మూడును బజారున కలిసి వినబడును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును ఇచ్చట నెలకొల్పుట సముచితమే. పెండ్లివారి వీధి చివర పాతపుస్తకముల వ్యాపారి యొకడు పాటల పుస్తకముల కట్ట విప్పెను. అందు "మాయాబజారు" కనబడగానే నా గుండె ఝల్లుమన్నది. విడుదలనాటి దని చెప్పి, పట్టుచీర వెల యడిగెను.

ఆ చిత్రము 1957 మార్చి 27న విడుదలయ్యెను. నయాపైసలు వచ్చినది అదే సంవత్సరము ఏప్రిలు 1న. కావున తొలినాటి పుస్తకమున వెల అణాలలో నుండవలెను. వెల యుండవలసిన మూల చినిగి యున్నది. వెనుక అట్టపై ముద్రణాలయపు చిరునామా చూచితిని. ఊరిపేరు ప్రక్క ఆరంకెల పిన్ కోడు! అది మన దేశమున 1972 ఆగస్టు 15న గదా వచ్చినది. కాగితము పసుపు వన్నెకు తిరిగినంత మాత్రమున ముసలిది గాదు. ఎండలో నాలుగు వారములుంచిన చాలును. వ్యాపారికి అంకెలు చూపితిని. అతడును ఎవరివద్దనో మోసపోయినవాడే కాబోలు, ముఖము చిన్నబుచ్చుకొనెను. కాఫీ ఖర్చుపాటి సొమ్మునకు పుస్తకము నా సంచిలో బడినది.

ఇంటికి వచ్చి అత్తగారికి ఉన్నమాట చెప్పితిని. "పాటలు మారలేదు గదా" యని ఆమె అద్దములు సవరించుకొని పుట త్రిప్పిరి. ఆడుబిడ్డకు వచ్చేనెల పురుడు. చీటిసొమ్ము బీరువాలో భద్రముగా నున్నది. మరిది మాత్రము నేటికిని ప్రొద్దునే నా ఫోనునకు దూడల చిత్రములు పంపుచునే యున్నాడు.